ఉయ్యాల మీద గుర్రం

గుర్రం తోక బాగా కుదిరిందని వడ్రంగి మేస్త్రి ఆ పొద్దున కాస్త హుషారుగానే ఉన్నాడు. తోక కుదరడమంటే మాటలు కాదు. ఉలి ఒక్క పిసరు ఎక్కువ దిగిందా, అది తోక కాదు, ఐదో కాలవుతుంది. గరుకు కాగితంతో చివరిసారి రుద్ది, మెత్తటి గుడ్డతో తుడిచి, ఉయ్యాలను తెచ్చి షెడ్డు గుమ్మంలో వెలుతురుకు పెట్టాడు. తలవైపు మందపాటి పలక, దాని మీద పేరు, పేరు కింద పరుగెత్తే గుర్రం. చేసిన పనిని ఓసారి దూరం నుంచి చూసుకోవడం ఆయనకు అలవాటు. వెనక్కి నాలుగడుగులు వేసి, చేతులు కట్టుకుని, తల పక్కకు వాల్చి చూశాడు. ఫరవాలేదనిపించింది.

ఆ చుట్టుపక్కల ఎవరింట్లో కాన్పు వచ్చినా ఉయ్యాల కోసం ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆయన పద్ధతులు ఆయనకున్నాయి. మగపిల్లాడైతే గుర్రం, ఆడపిల్లయితే పిట్ట. బిడ్డ భూమ్మీద పడందే పేరు చెక్కడు. ముందే చెక్కి పెట్టమని ఎంత బతిమాలినా సరే, ససేమిరా అంటాడు. మొండిఘటం అని కొందరూ, చెయ్యి తిరిగినవాడు కదా, ఆ మాత్రం బెట్టు ఉంటుందిలే అని కొందరూ సరిపెట్టుకునేవారు. తలపలకని మాత్రం మందంగా పెడతాడు. రెండో కాన్పుకు ఉయ్యాల మళ్ళీ ఆయన దగ్గరికే వస్తుంది కనక, పాత పేరు చిత్రిక పట్టేసి, కింద తేలిన కొత్త చెక్క మీద కొత్త పేరు చెక్కి ఇస్తాడు. ఒక్కో ఉయ్యాల ముగ్గురు నలుగురు పిల్లల్ని పెంచి, చివరికి పలక పల్చబడ్డాక గానీ రిటైరు కాదు.

ఆ ఉయ్యాల బస్సు డ్రైవరుది. భార్యనీ బిడ్డనీ ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకెళ్తూ, దారిలోనే పట్టుకుపోదామని ఆటో ఆపుకుని దిగాడు. బిడ్డ పుట్టిన రోజే ఫోన్ చేసి పేరు చెప్పాడాయన. అచ్చంగా మగపిల్లాడి పేరు. పలుకుతుంటేనే మీసాలు మొలుస్తున్నట్టుండే పేరు. మేస్త్రి ఇంకేమీ అడగలేదు, అడగాల్సిన అవసరమూ కనబడలేదు.

బాబుని ఇలా పడుకోబెట్టండమ్మా, పొడుగు సరిపోయిందో లేదో చూద్దాం అన్నాడు మేస్త్రి.

తువ్వాల్లో చుట్టిన బిడ్డను పట్టుకున్న అమ్మాయి మొగుడి వంక చూసి నవ్వింది.

"బాబు కాదండీ, పాప."

మేస్త్రి పలక వంక చూశాడు, పాప వంక చూశాడు, మళ్ళీ పలక వంక చూశాడు. ఇన్నేళ్ళలో ఆయనకు ఇలాంటి పొరపాటు జరగలేదు. చెవులు వేడెక్కాయి. తప్పు తనదేనని డ్రైవరు నొచ్చుకుంటుంటే, మేస్త్రి వినిపించుకోకుండా అప్పటికే చిత్రిక కోసం బల్ల మీద వెతుకుతున్నాడు. గుర్రాన్ని తీసేసి పిట్టను చెక్కి సాయంత్రానికి ఇంటికి తెచ్చిస్తాననీ, ఒక్క పైసా కూడా ఇవ్వక్కర్లేదనీ చెప్పాడు.

ఆ అమ్మాయి వద్దంది. గుర్రమే బాగుందంది. ఆడపిల్లకి గుర్రమేమిటి తల్లీ, చూసినవాళ్ళు నన్నంటారు అని ఆయన మొత్తుకున్నాడు. మిమ్మల్నంటే నా దగ్గరికి పంపండి, నేను చెప్పుకుంటాను అందావిడ. ఆసుపత్రిలో తన పక్క మంచం ఆవిడక్కూడా పాపేననీ, దానికీ ఇలాంటి పేరే పెట్టుకుందనీ, నర్సమ్మ కూతురి పేరైతే అచ్చం వాళ్ళ మేనమామ పేరేననీ, ఇప్పుడంతా ఇలాగే పెడుతున్నారనీ చెప్పింది. చెబుతూనే వంగి పాపను ఉయ్యాలలో పడుకోబెట్టింది. పాప ఒళ్ళు విరుచుకుని, ముఖం ఎర్రగా చేసుకుని, మళ్ళీ నిద్రలోకి జారుకుంది. గుర్రం దాని నెత్తిమీద పరుగెత్తుతూనే ఉంది.

వాళ్ళు వెళ్ళిపోయాక కూడా మేస్త్రి చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. తోక కుదిరిన సంతోషం కాస్తా ఎటో పోయింది.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని భార్యతో ఇదంతా వెళ్ళబోసుకున్నాడు. ఉయ్యాలల్లోకి చిన్న చిన్న పరుపులు కుట్టేది ఆవిడే. ఎప్పుడూ ఒక పొట్టి పీట మీదే కూర్చుని, మోకాళ్ళ మీద గుడ్డ పరుచుకుని కుడుతుంది. ఆ పూట కూడా ఆయనకు వడ్డించి, పీట మీద కూర్చుని, సూదిలో దారం ఎక్కిస్తూ వింటోంది. మగపిల్లల పేర్లన్నీ ఆడపిల్లలే ఎత్తుకుపోతున్నారని ఆయన గోల. ఇంక మగపిల్లలకి ఏం పేర్లు మిగుల్తాయి, నంబర్లు వేసుకోవాలి కాబోలు అన్నాడు. అంత మోజుగా ఉంటే మగపిల్లాడికి ఆడపేరు పెట్టమను చూద్దాం, ఎవడైనా పెడతాడేమో అన్నాడు.

"పెట్టరు," అంది ఆవిడ దారం కొనను నోట్లో తడుపుకుంటూ. "నామోషీ కదా."

"మరి?"

"మరేముంది. అదే చెబుతున్నాను."

మేస్త్రి ఇంకో ముద్ద కలుపుకున్నాడు. అప్పుడు ఆవిడ సూది పక్కన పెట్టి, చాలా రోజులుగా మోస్తున్న బరువు దించుకుంటున్నట్టు అంది.

"మన అమ్మాయి తన పాపకి వాడి పేరు పెడతానంటోంది."

ఆ ఇంట్లో వాడంటే ఒక్కడే. షెడ్డులో తండ్రి పక్కన నిలబడి రంపం పట్టుకున్న కొడుకు. కలప చూసి వస్తానని స్నేహితుడి బండి మీద వెనక కూర్చుని వెళ్ళాడు, మళ్ళీ ప్రాణంతో రాలేదు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరూ ఆ పేరు ఎత్తలేదు. ఎత్తకూడదని ఎవరూ చెప్పలేదు, అదలా జరిగిపోయింది. వాడు, వాడి చొక్కా, వాడి సుత్తి, అంతే. ఒకప్పుడు పొద్దస్తమానం వీధిలోంచి ఎవరో ఒకరు ఆ పేరుపెట్టి కేకేసేవారు. మేస్త్రి పనిలోంచి తల ఎత్తకుండానే, వస్తున్నాడు ఉండండి అని జవాబిచ్చేవాడు. వాడి స్నేహితులు ఇప్పుడూ ఆ వీధినే పోతుంటారు. షెడ్డు ముందుకొచ్చేసరికి మాట తగ్గించి, తల వంచుకుని వెళ్ళిపోతారు.

మేస్త్రి కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. కుదరదన్నాడు. నాతో చెబితే ఏం లాభం, దానితో చెప్పుకోండి అంది ఆవిడ.

మర్నాడు కూతురి ఇంటికి వెళ్ళాడు. ఊరికి అటు చివర, మేడ మీద రెండు గదుల వాటా. బయట నుంచే మెట్లు. అల్లుడు ఎలక్ట్రీషియన్. పనికి సెలవు పెట్టి ఇంట్లోనే ఉంటున్నాడు. మామగారు వెళ్ళేసరికి బకెట్టు ముందేసుకుని పాప గుడ్డలు పిండుతున్నాడు. చూశారా మామయ్యా, ఎంత కరెంటు పనైనా చేస్తాను గానీ ఈ మరకలు మాత్రం నావల్ల కావట్లేదు అని నవ్వాడు. మంచివాడు. మేస్త్రికి అతనంటే మొదటినుంచీ ఇష్టమే.

కూతురు మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కదిలినప్పుడల్లా ఒక చెయ్యి పొట్ట మీదికి పోతోంది. ముఖం పాలిపోయి, కళ్ళు పెద్దవైపోయాయి. పక్కన రెండు దిళ్ళ మధ్య పాప. పిడికిళ్ళు రెండూ చెంపల దగ్గర పెట్టుకుని, ఎవరితోనో తేల్చుకోవాల్సింది ఉన్నట్టు పడుకుంది. మేస్త్రి ఆసుపత్రిలో ఒకసారి చూశాడు గానీ అప్పుడు సరిగ్గా చూడలేదు. ఇప్పుడు వంగి చూశాడు. చెవి తమ్మె దగ్గర చిన్న నొక్కు. వాడికీ ఉండేది. చప్పున నిటారుగా లేచాడు.

మంచి టేకు ముక్క ఒకటి దాచి ఉంచాననీ, పాపకి కొత్త ఉయ్యాల చేస్తాననీ, పిట్టను ఇంతవరకూ ఎవరికీ చెక్కనంత బాగా చెక్కుతాననీ చెప్పాడు. రెక్క విప్పిన పిట్ట. ఏ రంగు పరుపు కావాలో అమ్మకి చెప్పు అన్నాడు. కూతురు అంతా విన్నది.

"కొత్తది వద్దు నాన్నా. అటక మీదున్న తమ్ముడి ఉయ్యాల కావాలి. పేరు తీయకుండా."

"అది మగపిల్లాడి పేరు."

"తెలుసు."

మేస్త్రి దారి పొడుగునా ఒక మాట కూడగట్టుకుని వచ్చాడు. అది బయటపెట్టాడు. ఇంకో కాన్పుకి కొడుకు పుడితే ఆ పేరు పెట్టుకో, అందాకా ఆ ఉయ్యాల అలాగే దాచి ఉంచుతాను, లక్షలిచ్చినా ఎవరికీ ఇవ్వను అన్నాడు. అల్లుడు పిండుతున్న గుడ్డను బకెట్లో వదిలేసి, ఆరేసి వస్తానంటూ ఖాళీ చేతులతోనే బయటికి వెళ్ళిపోయాడు.

"ఇంకో కాన్పు లేదు నాన్నా," అంది కూతురు. "రక్తం ఆగకపోతే గర్భసంచి తీసేశారు. అమ్మకి తెలుసు. నీకు నేనే చెప్తానన్నాను."

మేస్త్రి మంచం కోడు పట్టుకుని కూర్చున్నాడు. కూతురి తల మీద చెయ్యి వేద్దామనుకున్నాడు. చిన్నప్పుడు వేసేవాడేమో, గుర్తు లేదు. ఎత్తిన చెయ్యి దుప్పటి సర్ది ఊరుకుంది. లోపల అంత బాధ ఉండగానే, నోరు మాత్రం తన దారిన తాను పోయింది.

"అయినా ఆడపిల్లకి ఆ పేరేమిటమ్మా. బడిలో నవ్వుతారు."

కూతురు ఆయన ముఖంలోకి చూసింది. ఏదో చెప్పబోయి పెదవి కదిపింది. తర్వాత ఆ మాటను అక్కడే ఆపేసుకుంది.

"సరే నాన్నా, నీ ఇష్టం. ఉయ్యాల మాత్రం వద్దు. నా పక్కలోనే పడుకుంటుందిలే."

దానికి చెప్పడానికేమీ లేక ఊరుకుందని మేస్త్రి అనుకున్నాడు. మెట్లు దిగుతుంటే గెలిచినట్టు అనిపించాలి గానీ అనిపించలేదు. బడిలో నవ్వుతారన్నది ఉత్త మాట. అది ఆయనకీ తెలుసు. అసలు సంగతి వేరే. ఆ పేరు ఇప్పుడు ఎక్కడా లేదు, ఆ పలక మీద తప్ప. వీధిలో ఎవరూ పిలవరు గనక, పిలిస్తే వాడే పలుకుతాడన్నట్టు లోపల ఎక్కడో ఒక మూల మిగిలి ఉంది. రేపు ఈ పిల్లకి ఆ పేరు పెట్టి పిలిస్తే, ఇంకెవరో పలుకుతారు. అప్పుడు వాడు నిజంగానే పోయినట్టు. రెండేళ్ళుగా చచ్చీచెడీ ఆపుకుంటూ వచ్చింది అదే. ఇది ఎవరికి చెప్పుకుంటాడు? చెబితే పిచ్చి ముదిరిందంటారు.

ఆ తర్వాతి రోజు పొద్దున్నే నిచ్చెన వేసుకుని అటకెక్కాడు. ఉయ్యాల మీద కప్పిన గోనె తీసేసరికి దుమ్ము లేచి తుమ్ములొచ్చాయి. జాగ్రత్తగా దింపి, బల్ల మీద పెట్టి, తడిగుడ్డతో తుడిచాడు. అసలు ఆయన చేసిన మొదటి ఉయ్యాల ఇదే. అంతకుముందు తలుపులూ కిటికీలూ చేసుకునేవాడు. ఇది చూసి ఎవరో అడగబట్టి, వాళ్ళది చూసి ఇంకొకరు అడగబట్టి, ఉయ్యాలల మేస్త్రి అయ్యాడు. పని అప్పటికింకా పచ్చిదే. అంచులు సమంగా లేవు. గుర్రం మెడ కాస్త పొడుగు. పేరు మాత్రం లోతుగా, గట్టిగా ఉంది. కుర్రతనం, ఉలిని బలం కొద్దీ కొట్టేవాడు.

ముందు రోజు రాత్రి పక్క మీద దొర్లుతూ ఆయన ఒక ఉపాయం ఆలోచించాడు. ఈ ఉయ్యాలే ఇస్తాడు. కూతురు అడిగింది ఇదే కదా, కాదనడు. పేరు తీసేసి, దాని చోట పాపకి చక్కటి ఆడపేరు చెక్కుతాడు. పువ్వు పేరు ఒకటి అనుకున్నాడు కూడా. ఎవరినీ అడగలేదు. పలక మీద ఆ పేరే లేకపోతే దాని పట్టుదలా చల్లారుతుంది, ఉయ్యాల చూసి మనసూ కుదుటపడుతుంది. పైగా ఆ పేరును ఇంకొకరి మీద వినడం కన్నా తన చేత్తో తానే తీసి దాచుకోవడం నయమనిపించింది. ఎక్కడ దాచుకుంటాడో మాత్రం ఆలోచించలేదు.

పలక మరలు విప్పి, బల్లకు బిగించాడు. చిత్రిక బ్లేడు నూరి, బొటనవేలితో పదును చూసుకున్నాడు. చెక్క బాగా ఆరి ఉంది, చిత్రిక జర్రున పోయింది. పల్చటి పొర ఒకటి చుట్టలు చుట్టుకుంటూ పైకి లేచి, కింద పడింది. అలవాటైన పని అలవాటుగానే సాగింది. ఇంకొంచెం కష్టమై ఉంటే బాగుండుననిపించింది ఆయనకు. ఎన్ని వందల పేర్లు ఇలా తీయలేదు, ఇదీ అలాగే పోతోంది. అక్షరాల లోతు తగ్గుతూ, గీతలు సన్నబడుతూ, చివరికి మరకలాగా కాస్త మిగిలి, అదీ పోయింది. పై సగం నున్నగా తేలింది. చిత్రికను కిందికి జరిపి గుర్రం మీద పెట్టబోతుంటే గుమ్మంలో వెలుతురు తగ్గింది.

భార్య నిలబడి ఉంది. చేతిలో కుట్టడం పూర్తయిన చిన్న పరుపు. పసుపుపచ్చ గుడ్డ.

ఆవిడ లోపలికొచ్చి పలక వంక చూసింది. నేల మీద పొరల వంక చూసింది. అరవలేదు. పరుపును బల్ల మీద ఒక పక్కగా పెట్టింది.

"ఇది రెండోసారి," అంది.

మేస్త్రికి అర్థం కాలేదు. కాలేదని అనుకోవాలనుకున్నాడు.

"ఆ పేరు అమ్మాయి దగ్గర్నుంచి లాక్కోవడం ఇది రెండోసారి. మొదట ఎవరికోసం చెక్కారో మర్చిపోయారా?"

మర్చిపోలేదు. ఆవిడే మర్చిపోయి ఉంటుందనుకున్నాడు ఇన్నేళ్ళూ. ఆవిడకి మొదటి కాన్పు ఇంకా దూరం ఉండగానే, పుట్టేది కొడుకేనని పందెం కాసి, పేరూ గుర్రమూ చెక్కి సిద్ధంగా పెట్టుకున్నాడు. కూతురు పుట్టింది. ఆసుపత్రి నుంచి వాళ్ళు వచ్చేలోపల నాలుగు మరలూ విప్పి, పలక ఊడదీసి, పాత చొక్కాలో చుట్టి అటకెక్కించాడు. దాని చోట ఉత్త పలక బిగించాడు. దాని మీద తర్వాత చెక్కుతానన్నాడు. తలుపుల పని, ఆ తర్వాత వరసగా ఉయ్యాలల పని, ఆ తర్వాత అనేది రానే లేదు. పిల్ల ఏ పేరూ లేని పలక కింద పడుకుని, పాకి, నడిచింది. కొడుకు పుట్టాక అటక మీది పలక కిందికి దిగి తన చోటికి తాను వచ్చేసింది. ఉత్త పలకకి కాళ్ళు కొట్టి పీట చేశాడు. ఆవిడ రోజూ కూర్చుని పరుపులు కుట్టే పీట అదే.

బిడ్డ పుట్టందే పేరు చెక్కననే పద్ధతి కూడా అప్పుడు పట్టుకున్నదే. జనం దాన్ని పనితనం అనుకున్నారు. ఆయనా అలాగే అనుకోవడం అలవాటు చేసుకున్నాడు.

"దానికి తెలుసా?" అన్నాడు మేస్త్రి.

"తెలుసు. తమ్ముణ్ణి ఊపుతూ అడిగింది. అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటోంది. అమ్మా, నేను పడుకున్నప్పుడు ఇక్కడ నా పేరుండేదా అని. నాకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ఈ పేరే నీకోసం చెక్కారమ్మా, నువ్వు ఆడపిల్లవని తీసి, వీడికి పెట్టారు అన్నాను."

"ఏమంది?"

"ఏమంటుంది. వాణ్ణి ఊపింది."

ఆవిడ వంగి నేల మీది పొర ఒకటి తీసి, వేళ్ళతో సాగదీసి చూసింది. వదిలేస్తే మళ్ళీ చుట్టుకుపోయింది. ఆ పేరు ఈ ఇంట్లో అందరికంటే ఎక్కువ పిలిచింది అదే కదండీ అంది. అన్నానికి పిలిచిందీ, బడికి లేపిందీ, చీకటిపడితే వీధి చివరిదాకా పోయి కేకేసిందీ అదే. తమ్ముడు పోయినప్పుడు అందరూ తల్లినీ తండ్రినీ పట్టుకుని ఓదార్చారు గానీ, దాని దగ్గర కూర్చున్నవాళ్ళెవరూ లేరు అంది. పరుపు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

మేస్త్రి చిత్రికను పక్కకు పెట్టాడు. నిన్న కూతురు పెదవి కదిపి ఆపేసుకున్న మాట ఏమిటో ఇప్పుడు తెలిసింది. ఒక్క మాటతో తన నోరు మూయించగలిగేది. ఆ మాట దాని నాలుక చివరే ఉంది. తండ్రి తట్టుకోలేడని మింగేసింది. చిన్నప్పటినుంచీ మింగుతూనే ఉంది. తాను మాత్రం గెలిచాననుకుంటూ మెట్లు దిగి వచ్చాడు. సిగ్గేసింది. తన మీద తనకు అసహ్యం వేసింది. కింద కూర్చుని పొరలన్నీ దగ్గరకు తీశాడు. ఎంత వెతికినా ఒక్క అక్షరం ఆనవాలూ మిగల్లేదు. ఉత్త చెక్క పొరలు. బల్ల మీద పలక కూతురు పడుకున్న నాటి పలక లాగే, ఏ పేరూ లేకుండా ఉంది. దాని కింది సగంలో మెడ పొడుగు గుర్రం మాత్రం ఇంకా అలాగే ఉంది.

ఆ రోజు బేరాలకు వచ్చినవాళ్ళను రేపు రమ్మని పంపేశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని, పెన్సిలు చెక్కుకుని, నున్నటి చోట పేరు గీసుకోవడం మొదలుపెట్టాడు. పాత అక్షరాల వంపులు గుర్తున్నాయనే అనుకున్నాడు. గీస్తుంటే అవి రాలేదు. అప్పటి చెయ్యి వేరు, ఇప్పటి చెయ్యి వేరు. చెరిపి గీశాడు, మళ్ళీ చెరిపాడు. చివరికి పాతవాటి కోసం వెతుక్కోవడం మానేసి, ఇప్పుడు తనకు వచ్చినట్టు గీశాడు. ఉలి అందుకున్నాడు. బలంగా కొట్టలేదు. అరచేత్తో నెమ్మదిగా తడుతూ, చెక్క నరం చూసుకుంటూ, గొరుగుతున్నట్టుగా తీశాడు. ఒక్కో అక్షరం పూర్తవగానే నోటితో ఊది, వేలితో లోపల తడిమి చూశాడు. వెలుతురు తగ్గేవేళకి సగమే అయింది. మిగతాది మర్నాడు పొద్దున్న కూర్చుని ముగించాడు.

గుర్రాన్ని ముట్టుకోలేదు. మెడ సరిచేయడం రెండు నిమిషాల పని. అయినా ముట్టుకోలేదు.

ఉయ్యాలను ట్రాలీలో వేసుకుని భార్యాభర్తలిద్దరూ కూతురి ఇంటికి వెళ్ళారు. అల్లుడు పరుగెత్తుకుంటూ దిగి ఒక పక్క పట్టుకున్నాడు. మెట్ల మలుపు దగ్గర ఇరుక్కుంటే, దీన్ని చేసినవాళ్ళు మేడలు కట్టేవాళ్ళని ఓ మాట అడగాల్సింది మామయ్యా అన్నాడు. మేస్త్రికి నవ్వు రాలేదు గానీ అతను ఆ మాట అన్నందుకు మంచిదే అనిపించింది. గదిలో మంచం పక్కన, కిటికీ వెలుతురు పడేచోట దించారు.

కూతురు మంచం దిగి, పొట్ట పట్టుకుని, నెమ్మదిగా వచ్చి కింద కూర్చుంది. పలక చూసింది. పేరు మీద చూపుడువేలు పెట్టి, మొదటి అక్షరం నుంచి చివరిదాకా రాసుకుంటూ పోయింది.

"ఇవి వాడి అక్షరాలు కావు."

"కావమ్మా," అన్నాడు మేస్త్రి. "అవి పోయాయి. బుద్ధి లేక నేనే తీసేశాను. ఇవి పాప కోసం చెక్కాను."

కూతురి వేలు కాసేపు అక్కడే ఆగింది. తర్వాత కిందికి జారి గుర్రం మెడ మీదికి వచ్చింది.

"గుర్రం పాతదే కదా."

"పాతదే." మేస్త్రి గోడ పట్టుకున్నాడు. "అది నీకోసం చెక్కింది."

కూతురు తల ఎత్తలేదు. గుర్రం మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి. తల్లి వెళ్ళి పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. అల్లుడు కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తూ ముక్కు తుడుచుకున్నాడు. ఎవరూ ఎవరినీ ఊరుకోమనలేదు.

కాసేపటికి పరుపు వేసి పాపను పడుకోబెట్టారు. వాడు పడుకున్న చోటే, పుట్టినప్పుడు వాడెంత పొడుగో అంతే పొడుగున్న మనిషి. ముందు నువ్వు పిలువు నాన్నా అంది కూతురు. మేస్త్రి ఉయ్యాల మీదికి వంగాడు. నోరు తెరిచాడు. రెండు రోజులు ఉలి పట్టి చెక్కిన పేరే. ఒక్కో అక్షరం లోతు ఎంతో చెప్పగలడు. గొంతు దాటి రాలేదు. పాప కళ్ళు తెరిచి ఆయనకేసి కాక ఎటో చూసింది.

రేపు పిలుస్తానమ్మా అన్నాడు. గబగబా బయటికి వచ్చి మెట్ల మీద చెప్పుల కోసం వంగాడు.

అప్పుడు లోపలి నుంచి కూతురు పిలిచింది. ఆ పేరు, ఆ గొంతు. చివర కాస్త సాగదీసి, అన్నానికి పిలిచినట్టే. మేస్త్రి వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. వస్తున్నాడు ఉండండి అనే మాట పెదాల దాకా వచ్చింది. వీధిలోకి చూశాడు. సైకిలు మీద ఎవరో పోతున్నారు. కూతురు రెండోసారి పిలిచింది. ఎవరూ పలకలేదు. ఆ కాస్తసేపూ ఆయన ఊపిరి బిగబట్టి, పలికితే బాగుండునని కోరుకున్నాడో, పలకకూడదని కోరుకున్నాడో ఆయనకే తెలియదు.

లోపల పాప కేర్‌మంది.

భార్య గుమ్మంలోకి వచ్చింది. పలికింది, విన్నారా అంది. విన్నానని తల ఊపి, చెప్పులు చేత్తో పట్టుకునే మేస్త్రి మెట్టు మీద కూర్చుండిపోయాడు. కొడుకును తీసుకొచ్చి వరండాలో పడుకోబెట్టిన నాడు కూడా ఏడవని మనిషి, ఇప్పుడు మోకాళ్ళ మీద తల పెట్టుకుని పెద్దగా ఏడ్చాడు. ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది.

లోపల కూతురు మళ్ళీ పిలిచింది. పాప మళ్ళీ పలికింది.